అడిగేదెవరు?

బెజవాడ గవర్నరుపేటలో ఒక లాయరు గారి ఆఫీసు. వచ్చినాయన దివిసీమలో హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఆ లాయరు చిన్నప్పుడు ఆయన దగ్గరే చదువుకుంది. పదో తరగతి పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టాలని మాస్టారి సంకల్పం. ఊరు విడిచిపోయిన పిల్లల ఆచూకీ తీయడానికి, ఒకప్పుడు అమెరికాలో నడిచి మూతపడిన పీపుల్ సెర్చ్ సైట్ల వంటిది మనకూ ఒకటి ఉండాలంటారాయన. అలాంటిది రానే కూడదంటుంది ఆమె.

మాస్టారు: పాత అడ్మిషన్ రిజిస్టరులో పేర్లన్నీ ఉన్నాయమ్మాయ్, మనుషులే దొరకడం లేదు. కొందరు బెజవాడ చేరారు, కొందరు హైదరాబాదు. ఒకడు డాలస్‌లో ఉన్నాడని ఒకరంటే, కాదు న్యూజెర్సీ అని ఇంకొకరంటారు. ఆడపిల్లలకు పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిపోతుంది, ఇక ఎక్కడని వెతకను? 2007 ప్రాంతంలో స్పాక్, వింక్ అని సైట్లు నడిచాయని చదివాను. పేరు కొడితే మైస్పేస్‌లో ఉన్నదీ, లింక్‌డిన్‌లో ఉన్నదీ, ఫ్రెండ్‌స్టర్‌లో ఉన్నదీ, ఆ మనిషి ప్రొఫైళ్ళన్నీ ఏరుకొచ్చి ఒకేచోట చూపించేవట. అంత పనికొచ్చే వస్తువు ఎందుకు మూతపడిందో నాకు బోధపడదు. ఇప్పుడు మనకు కావలసింది సరిగ్గా అదే.

లాయరు: ఎందుకు మూతపడ్డాయో చెబుతాను మాస్టారూ. ఎలా మూతపడ్డాయో కూడా చెబుతాను, ముఖ్యమైంది ఆ రెండోదే. స్పాక్‌ను కాలిఫోర్నియాలో జైదీప్ సింగ్, జే భట్టి మొదలుపెట్టారు. 2007 ఆగస్టులో అందరికీ తెరిచేనాటికే 10 కోట్ల మంది వివరాలు తమ దగ్గరున్నాయని చెప్పుకున్నారు. ఆ 10 కోట్ల మందినీ ముందుగా అడిగినవాళ్ళు లేరు. వాళ్ళ ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు వెబ్ పేజీలు చదివి, పేరు, వయసు, ఊరు, చదువు, ఉద్యోగం, ఫొటో ఏరుకుని, ఏవేవి ఒకే మనిషివో అంచనా కట్టి అతికించేవి. ఇంతలో సోషల్ నెట్‌వర్కులు సొంతంగా వెతుకులాట పెట్టుకున్నాయి. గూగుల్‌లో పేరు కొట్టినా చాలావరకు అవే పేజీలు వచ్చాయి. మధ్యవాళ్ళకు గిట్టుబాటు కాలేదు.

మాస్టారు: సరే, అది ఎందుకు. మరి ఎలా?

లాయరు: స్పాక్‌ను 2009లో ఇంటీలియస్ కొనేసింది. మనుషుల వివరాలు తవ్వి డబ్బుకు అమ్మడమే ఆ కంపెనీ వ్యాపారం. వింక్ 2008 చివర్లో రీయూనియన్.కామ్‌లో కలిసింది. ఆ కంపెనీ మరుసటేడు మైలైఫ్‌గా పేరు మార్చుకుంది. 2020లో అమెరికా ప్రభుత్వం మైలైఫ్ మీద కేసు పెట్టింది. నేరచరిత్ర ఏమీ లేనివాళ్ళ పేర్ల పక్కన కూడా ఏదో ఉన్నట్టు అనుమానం పుట్టించి, పూర్తి రిపోర్టు కావాలంటే డబ్బు కట్టమంటోందని అభియోగం. మరుసటేడు కంపెనీ కోట్ల డాలర్ల చెల్లింపుకు ఒప్పుకుని రాజీపడింది. చిన్ననాటి స్నేహితుల్ని కలుపుతామన్న బోర్డులు దించేశారు గాని, సరుకు మాత్రం ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు మారింది.

మాస్టారు: వ్యాపారులు చెడగొట్టారని వస్తువే చెడ్డదంటే ఎలాగమ్మా? ఆర్కుట్ సంగతి చూడు. 2004లో వచ్చింది, 2014 సెప్టెంబరు 30న మూసేశారు. ఆ పదేళ్ళలో మన ఇంజనీరింగు కాలేజీల కుర్రాళ్ళు నెట్ సెంటర్లలో కూచుని చిన్నప్పటి స్నేహితుల్ని పట్టుకున్నారు. ఒకడు దొరికితే వాడి ఫ్రెండ్స్‌లో ఇంకో నలుగురు దొరికేవాళ్ళు. దాన్ని కూడా తప్పంటావా?

లాయరు: అనను. ఆర్కుట్‌లో మనిషి తనంతట తాను వచ్చి పేరు పెట్టుకున్నాడు. స్నేహానికి రిక్వెస్టు వస్తే ఒప్పుకోవడమో ఊరుకోవడమో తన ఇష్టం. మన పేజీ చూసివెళ్ళిందెవరో తెలుసుకునే వీలూ ఉండేది. స్పాక్‌లో వెతికేవాడు చీకట్లో ఉంటాడు, దొరికేవాడే వెలుతుర్లో ఉంటాడు. పైగా పేరు పక్కన ట్యాగులు తగిలించేవాళ్ళు. కొన్ని జనం పెట్టినవి, కొన్ని కంప్యూటరు తనంతట తాను పేజీలు చదివి పెట్టినవి. ఒక అమెరికన్ రాజకీయ బ్లాగరు ఎవరో నాయకుడి అఘాయిత్యం గురించి రాస్తే, పిల్లల మీద అఘాయిత్యం చేసేవాడన్న ట్యాగు ఆ రాసినవాడి పేరుకే తగిలించింది ఆ యంత్రం.

మాస్టారు: అది యంత్రం పొరపాటు. ఇవాళ్టి కంప్యూటర్లు అంత మొద్దుగా లేవు. దిద్దుకుంటాయి.

లాయరు: మనుషుల్ని పోల్చుకోవడం మన పేర్లతో ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? స్పాక్ వాళ్ళకే అది కొరుకుడు పడలేదు. ఒకే పేరున్న వేరు వేరు మనుషుల్ని విడదీసి చూపించినవారికి 50,000 డాలర్ల బహుమతి అని పోటీ పెట్టారు. జర్మనీలో వైమార్ యూనివర్సిటీ జట్టు గెలిచింది. ఆ జట్టును మన కృష్ణా జిల్లాకు తీసుకొచ్చి సుబ్బారావుల్ని, వెంకటేశ్వరరావుల్ని, నాగమణుల్ని విడదీయమనండి. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో వేరే గడిలోకి పోతుంది. ఆఫీసులో ఇంటిపేరు ఒక్క అక్షరం అవుతుంది. ఫేస్‌బుక్‌లో ముద్దుపేరు పెట్టుకుంటారు. లక్ష్మి అన్న పేరుని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తున్నారో చూడండి.

మాస్టారు: మా రోజుల్లో అందుకే కదా పుట్టుమచ్చలు రాయించేవాళ్ళం, రెండేసి చొప్పున.

లాయరు: ఆ రాయించేటప్పుడు పిల్లవాడు మీ ఎదురుగా నిలబడి ఉండేవాడు మాస్టారూ. కంప్యూటరు ఎదురుగా మనిషి ఉండడు. తెలంగాణలో సమగ్ర వేదిక అని, పలు ప్రభుత్వ శాఖల రికార్డులు కలిపి ఒక కుటుంబానికి ఏమేం ఉన్నాయో చెప్పే వ్యవస్థ ఉంది. స్పాక్ చేసిన పనే, వేరే అవసరానికి. హైదరాబాదులో రిక్షా తొక్కే ఒకాయన పేరు కారున్న ఇంకొకాయన పేరుతో కలిసిపోయింది. ఆ ఇంటికి రేషను కార్డు పోయింది. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల్ని ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. సరదాకి వెతికే సైటులో పేరు తప్పితే నవ్వుకుని ఊరుకుంటాం. బియ్యం దగ్గర తప్పితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

మాస్టారు: ఇవన్నీ తప్పు మనిషిని చూపించినప్పటి కష్టాలు. సరైన మనిషినే చూపిస్తే? పదేళ్ళలో యంత్రం తప్పులు చెయ్యడం మానేస్తే? అప్పుడు నీకు అభ్యంతరం ఉండకూడదు మరి.

లాయరు: అప్పుడే నాకు అసలు భయం. నా దగ్గరికి వచ్చే కేసుల్లో భర్త కొట్టే దెబ్బలు తప్పించుకుని వేరే ఊళ్ళో బతుకుతున్న ఆడవాళ్ళు ఉంటారు. వాళ్ళకు కావలసింది దొరక్కుండా ఉండటం. 2015 డిసెంబరులో మన బెజవాడలోనే కాల్‌మనీ వ్యవహారం బయటపడింది, మీకు గుర్తుండే ఉంటుంది. అప్పు తీర్చలేని ఆడవాళ్ళను వడ్డీ వ్యాపారులు ఎంత హింస పెట్టారో పేపర్లన్నీ రాశాయి. ఆ తర్వాత లోన్ యాప్‌లు వచ్చాయి. ఫోనులో ఉన్న నంబర్లన్నీ లాగేసి, మార్ఫింగ్ చేసిన ఫొటోలు చుట్టాలకు పంపాయి. 2022లో మన రాష్ట్రంలోనే ఆ అవమానానికి ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. మీరు అడుగుతున్న యంత్రం అలా వేధించేవాళ్ళ చేతికిచ్చి, అది ఒక్క తప్పు కూడా చెయ్యదనుకోండి. ఏమవుతుంది?

మాస్టారు: కత్తి ఉందని వంట మానేస్తామా? ఒకమాట అడుగుతాను. టెలిఫోను డైరెక్టరీ ఉండేది. ఇంటిపేరు, పేరు, ఇల్లు, నంబరు, అన్నీ అచ్చువేసి పంచేవాళ్ళు. ప్రతి ఎస్‌టీడీ బూతులోనూ పడి ఉండేది. ఓటర్ల జాబితా అయితే ఇంటి నంబరు, వయసు, తండ్రి పేరు, భర్త పేరు సహా గోడకు అంటించేవాళ్ళు. ఆనాడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదే?

లాయరు: డైరెక్టరీలో మీ ఫోను నంబరుంది గాని మీ స్నేహితులెవరో లేదు, మీరు నిన్న ఎక్కడున్నారో లేదు. ఓటర్ల జాబితా సంగతి ఇంకా బాగా అడిగారు. గోడమీది జాబితాను కంప్యూటర్లో వెతకడానికి వీలుగా ఇమ్మని కాంగ్రెస్ నాయకుడు కమల్‌నాథ్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2018 అక్టోబరులో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. ఎన్నికల సంఘం బొమ్మల రూపంలో ఉన్న పేజీలే ఇస్తోంది, ఓటర్ల వివరాలు మూకుమ్మడిగా తవ్వుకోకుండా ఉండేందుకని. జాబితా అదే, అందులో పేర్లూ అవే. కాని మీ వీధి గోడ దగ్గర నిలబడి మీ పేరు చూసుకోవడం వేరు, రాష్ట్రంలో ఫలానా ఇంటిపేరు వాళ్ళందరినీ ఒక్క మీట నొక్కి బయటికి లాగడం వేరు. అమెరికా సుప్రీంకోర్టు 1989లోనే ఈ తేడా గుర్తించింది. ఒక మనిషి పోలీసు రికార్డులు ఊరూరా కోర్టుల్లో విడివిడిగా ఎవరైనా చూడగలిగేవే అయినా, వాటిని ఒకచోట పోగేసిన ఎఫ్‌బీఐ ఫైలును అడిగినవాళ్ళకల్లా ఇవ్వనక్కర్లేదంది. విడివిడిగా ఉన్నప్పుడు లేని బలం పోగేసినప్పుడు వస్తుంది. ఆ బలం ఎవరి చేతిలో ఉండాలన్నదే మన తగువు.

మాస్టారు: ఆ బలం ఇప్పుడు డబ్బున్నవాళ్ళ చేతిలోనూ, సర్కారు చేతిలోనూ ఎలాగూ ఉంది. నాబోటి సామాన్యుడికే లేదు. నువ్వు తలుపు మూస్తే నష్టపోయేది నేనే. ఉయ్యూరులోనో పామర్రులోనో ఒక తండ్రి ఉన్నాడనుకో. అమెరికా సంబంధం వచ్చింది. కుర్రాడు చెప్పిన ఉద్యోగం నిజమా, అక్కడ ఇంతకుముందే పెళ్ళయిందా, ఆయనకు తెలిసే దారేది? ఇదే ఊళ్ళో సంబంధమైతే అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు ఆరా తీసేవాళ్ళం. సముద్రం అవతలి సంబంధానికి కూతుర్ని కళ్ళు మూసుకుని పంపమంటావా? మోసపోయిన ఆడపిల్లల కేసులు నువ్వు చూడలేదా?

లాయరు: చూశాను. అందుకే ఈ మాటకు తేలిగ్గా జవాబు చెప్పను. ఆ తండ్రికి అడిగే హక్కుంది, పూర్తిగా ఉంది. కాని పెళ్ళి మాటల్లో ఆరా తీస్తారని ఇరువైపులవారికీ తెలుసు. ఉద్యోగం కాగితం చూపించు, వీసా కాగితం చూపించు, ఇదివరకు పెళ్ళయి ఉంటే విడాకుల తీర్పు చూపించు అని ఎదురుగానే అడగవచ్చు. చూపించనన్నాడంటే ఆ తండ్రికి కావలసిన సమాచారం దొరికినట్టే. ఇక్కడ వెతికేది ఎవరో, ఎందుకో అవతలివాళ్ళకు తెలుసు. నేను కాదనేది ఎవరో, ఎందుకో చెప్పకుండా సాగే ఆరాని.

మాస్టారు: సరే, దానికి బదులు చెప్పావు. దీనికి చెప్పు. 1977 నవంబరు 19. ఉప్పెన వచ్చిన రాత్రి. నాగాయలంక, కోడూరు, సొర్లగొంది, ఆ ప్రాంతమంతా ఏమైందో నీకు పుస్తకాల్లో తెలుసు, నాకు కళ్ళతో తెలుసు. పోయినవాళ్ళు దాదాపు పదివేలని లెక్క రాశారు. బతికినవాళ్ళు తమవాళ్ళు ఏ క్యాంపులో ఉన్నారో, ఉన్నారో లేదో తెలియక, ఊరూరా నడిచి పేరు పెట్టి పిలుస్తూ తిరిగారు. అవనిగడ్డ రోడ్డు మీద వచ్చిపోయేవాళ్ళందర్నీ ఆపి అడిగారు. ఆనాడు పేరు కొడితే మనిషి జాడ చెప్పే యంత్రం ఒకటుంటే, దాని కాళ్ళకు మొక్కేవాళ్ళు. తప్పిపోయినవాడి అనుమతి ఎవరు తెస్తారు చెప్పు?

లాయరు: అక్కడ మీరే నెగ్గారు మాస్టారూ. మొన్న 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కూడా, ఫోన్లు ఆగిపోయి, అయినవాళ్ళ జాడ తెలియక జనం అల్లాడారు. అలాంటి రోజున వెతకడానికి అందరికీ దారి ఉండాలి. కాని ఆ దారి ఎలా వేయాలో వేసి చూపించినవాళ్ళున్నారు. 2010 జనవరిలో హైతీ భూకంపమప్పుడు గూగుల్ పర్సన్ ఫైండర్ పెట్టింది. 2013లో ఉత్తరాఖండ్ వరదలకూ వాడారు. వెతుకుతున్నవాళ్ళు ఫలానావారికోసం వెతుకుతున్నామని రాసేవాళ్ళు, జాడ తెలిసినవాళ్ళు రాసేవాళ్ళు. అది ఒక విపత్తుకోసం తెరిచింది, పని అయ్యాక ఆ వివరాలు తీసేసే ఏర్పాటుతో తెరిచింది. రెడ్‌క్రాస్ పద్ధతి ఇంకా పాతది. యుద్ధాల్లో విడిపోయిన కుటుంబాలను అది దశాబ్దాలుగా వెతికిపెడుతోంది. మనిషి దొరికాక చిరునామా వెంటనే వెతికినవాళ్ళ చేతిలో పెట్టదు. మీకోసం ఫలానావారు వెతుకుతున్నారు, చెప్పమంటారా అని ముందు ఆ దొరికిన మనిషిని అడుగుతుంది.

మాస్టారు: తల్లి కొడుకును వెతికినా అడుగుతారా?

లాయరు: అడుగుతారు. వచ్చింది తల్లో, తల్లి పేరు చెప్పుకుని వచ్చిన ఇంకొకరో దొరికిన మనిషికే తెలుస్తుంది. ఇప్పుడు మీరొకటి చెప్పండి మాస్టారూ. మీ అడ్మిషన్ రిజిస్టరులో ప్రతి పిల్లవాడి తండ్రి పేరు, ఊరు, కులం, పుట్టినతేదీ ఉండేవి. అది మీ బీరువాలో ఉండేది, తాళం మీ దగ్గర ఉండేది. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు వచ్చి, ఫలానా అమ్మాయి వివరాలు రాసిమ్మంటే ఇచ్చేవారా?

మాస్టారు: ఎందుకిస్తాను? నువ్వెవరు, ఆ పిల్లకు ఏమవుతావు, నీకేం పని అని అడిగేవాణ్ణి. నిజమనిపిస్తే తండ్రికి కబురు పెట్టేవాణ్ణి. అనుమానమొస్తే గేటు దాటించి పంపించేవాణ్ణి. అది హెడ్మాస్టరు చెయ్యవలసిన పని.

లాయరు: మన ఊళ్ళలో అందరూ చేసిన పనే అది. ఫలానావారి ఇల్లెక్కడని కొత్తవాడు అడిగితే, మీదే ఊరు బాబూ, ఎవరి తాలూకు అని ఎదురు ప్రశ్న వేయకుండా ఎవరూ దారి చూపించరు. వచ్చినవాడి వాలకం బాగోకపోతే, వాళ్ళు ఊళ్ళో లేరని చెప్పి పంపేస్తారు. ఊళ్ళో అందరికీ అందరి సంగతులూ తెలిసినా బతకగలిగామంటే, ఆ ఎదురు ప్రశ్న కాపాడింది గనకే. స్పాక్, వింక్ తీసేసింది సరిగ్గా ఆ ప్రశ్నని. వివరాలు ఎక్కువ చెప్పడం వాటి అసలు తప్పు కాదు, అడిగేదెవరో అడక్కపోవడం తప్పు.

మాస్టారు: ఊరి ఎదురు ప్రశ్నను మరీ ఆకాశానికెత్తకు. ఎవరి తాలూకు అన్న ప్రశ్న వెనక నీ కులమేమిటన్న ప్రశ్న కూడా ఉండేది. పేదవాడికి జవాబు ఒకలా వచ్చేది, కలిగినవాడికి ఒకలా వచ్చేది. యంత్రం అందరికీ ఒకటే జవాబిస్తుంది. అది న్యాయం కాదా?

లాయరు: మీరన్న వివక్ష ఉంది, దాన్ని నేను సమర్థించను. కాని ప్రశ్న తీసేస్తే కులం చూపు పోతుందా? 2018 ఏప్రిల్లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు బయటపడి ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఆధార్‌తో బాటు కులం, మతం వివరాలూ ఉన్నాయి. ఇల్లు వచ్చిందా లేదా అని చూసుకోవడానికి పెట్టిన సైటు అది. ఫలానా కులంవాళ్ళ ఇళ్ళెక్కడో తెలుసుకోవాలనుకునేవాడికి కూడా అదే జవాబిచ్చేది. మీరన్నట్టే అందరికీ ఒకటే జవాబు. అడిగేవాడి ఉద్దేశం చూడని సమానత్వం బలవంతుడికే పనికొస్తుంది.

మాస్టారు: మరి చట్టం ఏం చేస్తోంది? గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది జడ్జిలు చెప్పారుగా?

లాయరు: 2017 ఆగస్టు 24న చెప్పారు, పుట్టస్వామి కేసులో. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. కాని అందులో ఒక మినహాయింపు ఉంది. మనిషి తనంతట తాను బహిరంగంగా పెట్టిన వివరాలకు ఆ చట్టం వర్తించదు. అంటే మీ శిష్యురాలు ఒకచోట ఫొటో, ఒకచోట ఉద్యోగం, ఒకచోట పిల్లల స్కూలు పేరు తానే పెట్టిందనుకోండి. వాటన్నిటినీ ఏరి అతికించి ఇంకో స్పాక్ పెడితే, ఆ మినహాయింపు చాటున నిలబడవచ్చు. ఐరోపాలో ఇలా లేదు. పేరు కొడితే వచ్చే ఫలితాల జాబితాయే ఒక మనిషి జీవితాన్ని పటం గీసినట్టు చూపుతుందని, అందుకు సెర్చ్ ఇంజనే జవాబుదారీ అని అక్కడి న్యాయస్థానం 2014 మేలో గూగుల్ కేసులో తేల్చింది.

మాస్టారు: తాను వీధిలో పెట్టినదాన్ని వీధి చూసిందని గోల పెట్టడం నాకు ఇప్పటికీ సబబుగా తోచదు. చూడకూడనిదైతే పెట్టకూడదు. కాని ఏరి అతికించడం వేరే పని అన్నావే, ఆ మాట నా మనసుకు ఎక్కింది. నా రిజిస్టరు ఒక్కటే అయితే నేను కాపలా కాయగలను. వంద రిజిస్టర్లు కలిపి కుట్టినదానికి కాపలా ఎవరు కాస్తారన్నది ఆలోచించవలసిందే.

లాయరు: అయితే సమ్మేళనానికి ఏం చేద్దాం?

మాస్టారు: నువ్వు చెప్పిన రెడ్‌క్రాస్ పద్ధతే పెడదాం. ఊరికొకరిని చొప్పున బాధ్యత తీసుకోమంటాను. వాళ్ళు తెలిసినవాళ్ళకు, వాళ్ళు ఇంకొందరికి, నా పేరు మీద, నా ఫోను నంబరుతో కబురు పంపాలి. ఎవరి నంబరూ నాకు ఇవ్వనక్కర్లేదు. రావాలనుకున్నవాళ్ళే నాకు ఫోను చేస్తారు. ఆడపిల్లల విషయంలో ఈ పద్ధతే మేలు. పాత ఇంటిపేరుతో పట్టుకుని అత్తవారింటికి నేరుగా ఫోను చెయ్యడం నాకూ మర్యాదగా తోచలేదు. వాట్సాప్ గ్రూపు పెట్టినా, చేర్చేముందు అడిగి చేర్చాలి.

లాయరు: కబురు అందినా రాననుకునేవాళ్ళు?

మాస్టారు: రానక్కర్లేదు. మళ్ళీ అడగను. కాని నీ దగ్గర ఒకమాట తీసుకుని గాని లేవను. మనిషిని వెతకడమే నేరమన్నట్టు మాట్లాడేవాళ్ళు తయారయ్యారు. అది ఒప్పుకోను. వెతికేవాళ్ళు లేని మనిషి ఎంత ఒంటరో, ఉప్పెన తర్వాత క్యాంపుల్లో కూచున్న ముసలివాళ్ళను చూసినవాణ్ణి నాకు తెలుసు. ఈ తీరానికి మళ్ళీ తుఫాను వస్తుంది. వచ్చేలోపే, వెతుకులాటకు సర్కారు తరఫున సరైన ఏర్పాటు ఉండాలి.

లాయరు: ఉండాలి, అలా అడుగుతూ అర్జీ పెడితే దానికి నేనూ సంతకం పెడతాను. వెతికేవారి పేరు, కారణం ముందు నమోదు కావాలి. దొరికిన మనిషిని అడిగాకే జాడ చెప్పాలి. పని అయ్యాక వివరాలు చెరిపేసే తేదీ మొదటిరోజే ప్రకటించాలి. ఏ కంపెనీకీ వాటిని అమ్మకూడదు, కంపెనీ మూతపడినా సరే, చేతులు మారినా సరే. చట్టంలోని ఆ మినహాయింపు ఏరి అతికించేవాళ్ళకు వర్తించకూడదని కూడా అందులోనే అడుగుదాం. ఈ షరతులతో ఎవరు పెట్టినా మొదట పేరు ఇచ్చేది నేనే.

మాస్టారు: అయితే ఆ కాగితం ఇప్పుడే రాయి. అర్జీ కింద పాత విద్యార్థులు ఎవరెవరు సంతకం పెడతారో, సమ్మేళనం రోజున వాళ్ళనే ఎదురుగా అడుగుదాం.